హల్దార్ లైను రావులు

హల్దార్ లైను, ఖిదిర్‌పూర్
2 జూన్ 2025

భవానీపూర్‌లో అద్దెకుంటున్న మా మేనకోడలు అరుణకుమారికి,

మావయ్య గవరయ్య దీవించి రాయడమేటంటే, ఇక్కడ మీ దాలమ్మ అత్త మోకాలు తప్ప మిగతా అందరం బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నట్టు మన లైనులో కంప్యూటర్ షాపు ప్రేమ్‌సాగర్ ఫోన్‌లో నీ ఫొటో చూసి తెలుసుకున్నాం. చేతిలో ఏదో కప్పు పట్టుకొని నవ్వుతున్నావు. ఆఫీసులో టీ బాగా ఇస్తున్నారు కాబోలనుకున్నాను. కాదు మావా, అది బహుమతి అన్నాడు. దేనికిచ్చేరో వాడికీ తెల్దు.

మూడు కిలోమీటర్ల దూరానికి ఉత్తరమేటని నవ్వుకోకు. ఓడరేవు డాకులో బరువులెత్తే వించిల పక్కన ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన చెవులివి. ఫోన్‌లో నువ్వేం మాట్లాడినా నాకు దోమ చప్పుడే. పైగా మీ అమ్మ నిన్ను నా చేతుల్లో పెట్టి పోయినప్పటినుంచి నీకు తెలుగు అక్షరాలు దిద్దించినోణ్ణి. నువ్వు రెండేళ్ళనుంచి ఈ గుమ్మం తొక్కలేదు. అక్షరాలైనా నా కంటబడనీ.

ఇక విషయానికొస్తాను. మన లైను పడగొడతన్నారు. హల్దార్ కంపెనీవాళ్ళు ఈ జాగాని ఒక బిల్డర్‌కి అమ్మేసేరు. మొత్తం పందొమ్మిది గదులు, పందొమ్మిది కుటుంబాలు, అందరం మన శ్రీకాకుళం వైపోళ్ళమే. ఎనకాల కట్టిన కొత్త బిల్డింగులో కుటుంబానికో ఫ్లాటు ఇస్తామని కాగితం రాసిచ్చేరు. అయితే ఈ నెల ముప్పయ్యో తారీకులోగా ప్రతి కుటుంబమూ కంప్యూటర్‌లో పేరు ఎక్కించుకోవాల. ఎక్కించుకోనోళ్ళు తమ దారి తాము చూసుకోవాల.

ప్రేమ్‌సాగర్ కంప్యూటర్ షాపుకి నిన్న పొద్దున్నే వెళ్ళేను. పేరు గడిలో గవరయ్య అని కొట్టేడు. గడి ఎర్రబడిపోయింది. 'దయచేసి మీ పూర్తి పేరు రాయండి' అంది. మళ్ళీ కొట్టేడు, మళ్ళీ ఎర్రబడింది. నా పూర్తి పేరే అది. డెబ్భై ఒక్క ఏళ్ళనుంచి అంతే ఉంది. డాకు హాజరు కార్డులో అంతే, ఫొటో కార్డులో అంతే. ఎనకాల టైటిల్ ఉండాలంట మావా, బెంగాలీలకి ఘోష్, దాస్ ఉన్నట్టు, అంటాడు ప్రేమ్‌సాగర్. మన లైనులో ఎవడికున్నాది టైటిల్?

నువ్వు కంప్యూటర్లలోనే ఉన్నావు గదా. ఆ గడి ఎనకాల కూర్చున్నాయన ఎవరో కనుక్కో. నా కార్డు పట్టుకెళ్ళి చూపిస్తాను.

నీ ఉత్తరం కోసం గుమ్మంలో కూర్చునే
మావయ్య గవరయ్య

తా.క. ఆయన టీకి ఏ టైముకి లేస్తాడో కూడా రాయి. ఆఫీసరుతో సీట్లో కంటే టీ కొట్టు దగ్గిర మాట్లాడితే పని తొందరగా అవుతాది.


భవానీపూర్
8 జూన్ 2025

మావయ్యకి, అత్తకి,

అరుణ రాస్తున్నాను. నీ ఉత్తరం చేరడానికి నాలుగు రోజులు పట్టింది. నడిచి తెచ్చినా గంటలో వచ్చేది. నా తెలుగులో తప్పులుంటే కిందటిసారిలాగా ఎర్ర ఇంకుతో దిద్ది తిరిగి పంపకు. నాకు ముప్పై ఏళ్ళు, నా కింద ఐదుగురు పనిచేస్తున్నారు.

ముందు ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. గడి వెనకాల ఎవరూ కూర్చోరు మావయ్యా. టీకి లేవరు. అది ఒక నియమం, ఎవడో ఒకసారి రాసి పెట్టేస్తాడు, ఆ తర్వాత అదే పనిచేసుకుపోతుంది. నీ గడి రాసినవాడెవడో బద్ధకస్తుడు. ఎదుటి మనిషి ఎవరో ఆలోచించకుండా రాసిపారేస్తారు, చెడ్డపేరు మా అందరికీ.

ఇంతకీ నేనేం చేస్తానో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. వెబ్‌సైటు అంటే గడులు, బటన్లు, జాబితాలు. ప్రతి కంపెనీ అదే పేరు గడిని మళ్ళీ మళ్ళీ చేసుకుంటుంది. పైగా సైట్లు కట్టడానికి ఒక్క పద్ధతి లేదు. రియాక్ట్ అని ఒకటి, వ్యూ అని ఒకటి, యాంగ్యులర్ అని ఇంకోటి. వీటిని ఫ్రేమ్‌వర్కులంటాం. ఒకదాని కోసం చేసిన గడి ఇంకోదానిలో అతకదు. నేను చేసేవి ఎందులో పెట్టినా అతుకుతాయి. ఒక్కసారి చేస్తాను, అందరికీ పంచుతాను, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకెళ్ళి పెట్టుకుంటారు. వాటిని కాంపోనెంట్లు అంటాం.

నా పేరు గడిని ఇప్పటికి అరవై సైట్లు వాడుతున్నాయి. ఆ కప్పు దానికే ఇచ్చారు. దానితో జతగా కుటుంబం గడి అని ఇంకోటి చేశాను, అది మరీ తెలివైంది. ఒకే చిరునామా, ఒకే టైటిల్ ఉన్నవాళ్ళు ఎంతమంది కనబడితే అంతమందినీ తనంతట తానే ఒక కుటుంబం కింద చేర్చేస్తుంది. ఇంగ్లీషు అక్షరాల వరసలో ముందొచ్చినవాళ్ళని ఇంటి పెద్దని చేస్తుంది. బంధుత్వాల జాబితా కూడా అందులోనే ఉంది, భర్త, భార్య, తల్లి, తండ్రి, కొడుకు, కూతురు. మనుషులు కూర్చుని ఆలోచించే పని లేదు.

నీ సమస్య చిన్నది. నీకు ఇంటిపేరు ఉంది కదా, బొంతు. అది రాయి, అయిపోతుంది. ఈ ఆదివారం రావాలనే అనుకున్నాను గానీ కొత్త వెర్షన్ విడుదల ఉంది.

ఉంటాను,
అరుణ

తా.క. నా పని ఏమిటని ఎవరైనా అడిగితే కంప్యూటర్లు బాగుచేస్తుందని చెప్పకు. కిందటి నెల సూరన్న బాబాయి తన టేబుల్ ఫ్యాను మా ఆఫీసుకి పంపించాడు.


హల్దార్ లైను, ఖిదిర్‌పూర్
13 జూన్ 2025

ఐదుగురి మీద అధికారం చేస్తున్న అరుణకుమారికి,

మావయ్య రాయడమేటంటే, నీ ఉత్తరం అందింది. పదకొండు తప్పులున్నాయి. దిద్ది ఇందులోనే పెట్టేను.

ఎందులో పెట్టినా అతికే గడి అని రాసేవు. అలాంటి డబ్బాని నేను నీకంటే ముందు చూసేను. కంటైనర్ అంటారు. ఓడలో పెట్టినా అతుకుతాది, లారీ మీద పెట్టినా అతుకుతాది, రైలు మీదా అతుకుతాది. అది రాకముందు ఒక ఓడ ఖాళీ చెయ్యాలంటే హుక్కులు పట్టుకొని పన్నెండుమందిమి పదిరోజులు దిగేవోళ్ళం. ఏ బస్తాలో ఏముందో భుజానికి తెలిసేది. డబ్బా వచ్చేక క్రేన్ ఒక్కపూటలో దింపేసింది. మమ్మల్ని గోడౌన్ గేటు దగ్గిర కాపలా కూర్చోబెట్టేరు, కూర్చోలేనోళ్ళని ఇంటికి పంపేసేరు. మనుషులు ఆలోచించే పని లేదని నువ్వు సంబరంగా రాసేవు. మాకూ అలాగే చెప్పేరు.

పోనీలే. నువ్వు చెప్పినట్టు ఇంటిపేరు పెట్టించేను. బొంతు గవరయ్య అని కొట్టగానే గడి పచ్చబడింది. ప్రేమ్‌సాగర్ నాకు టీ పోయించేడు. రెండ్రోజుల తరవాత వాడి ఫోన్‌కి కబురొచ్చింది. ఫొటో కార్డులో పేరు గవరయ్య అని ఉంది, ఇక్కడ పేరు బొంతు అని ఉంది, ఇద్దరూ ఒకరు కారు, దరఖాస్తు చెల్లదు, అని. ముందున్నది పేరు, ఎనకున్నది టైటిల్ అని లెక్కంట. పేరు కార్డుతో కలవాల, టైటిల్ ఏదైనా పర్లేదంట.

మరి గవరయ్య బొంతు అని తిప్పి కొడదాం మావా అన్నాడు ప్రేమ్‌సాగర్. షాపులోంచి లేచి వచ్చేసేను. ఇంటిపేరు ముందుంటాది. అది మా నాన్నది, ఆయన నాన్నది. వాళ్ళు ముందు నడిస్తే మనం ఎనకాల నడిచేం. ఇప్పుడు ఫ్లాటు కోసం పెద్దల్ని నా ఎనకాల ఈడ్చుకెళ్ళాలా? సూరన్నా అదే అన్నాడు, మేరీరాణీ అదే అంది. లైనులో ఒక్కరు కూడా దానికి ఒప్పుకోలేదు. ఇంకా పదిహేడు రోజులే ఉన్నాయి, ఎవరి గడీ పచ్చబడలేదు.

ఆ ఎర్రబడ్డ గడిని ప్రేమ్‌సాగర్ చేత అచ్చు తీయించి దీంతో పంపుతున్నాను. రాసినోణ్ణి పట్టుకో. వాడికి అమ్మా అయ్యా ఏ పేరు పెట్టేరో నాకోసం అడుగు.

జవాబు కోసం చూసే
మావయ్య గవరయ్య

తా.క. ఇది రాయకూడదనుకున్నాను. రెండేళ్ళ కిందట నీ సామాను తీసుకెళ్ళడానికి మీ ఆఫీసు కుర్రాడు అభిజిత్ వచ్చేడు. మంచం మోస్తన్న నన్ను చూసి, ఈయనెవరని నిన్ను బెంగాలీలో అడిగేడు. 'చెనా లోక్' అన్నావు. తెలిసిన మనిషి అని. నాకు చెవులు పనిచెయ్యవు గాని పెదాల కదలిక చదవడం వించి కిందే నేర్చుకున్నాను.


భవానీపూర్
18 జూన్ 2025

మావయ్యకి,

నువ్వు పంపిన అచ్చు కాగితం నిన్న వచ్చింది. దాన్ని చూసి ఆఫీసుకి వెళ్ళలేదు.

ఆ గడి నాది.

ఆ ఎర్ర గీత మందం నేను ఎంచుకున్నదే. 'దయచేసి మీ పూర్తి పేరు రాయండి' అన్న మాట కూడా నాదే, ఆ 'దయచేసి' పెట్టాలని నేను మీటింగులో గంటసేపు వాదించాను. నేను చేసి పంచిపెట్టిన పేరు గడిని బిల్డర్ సైటు కట్టినవాళ్ళు తీసుకెళ్ళి పెట్టుకున్నారు. బద్ధకస్తుడని తిట్టింది నన్నే అన్నమాట.

ఎలా జరిగిందో చెప్తాను, నీకైనా చెప్పుకోవాలి. ఆ గడి పనిచేస్తోందా లేదా అని చూడడానికి మూడేళ్ళ కిందట ఒక పేరు కొట్టాను. అరుణకుమారి రావు. పచ్చబడింది. తర్వాత అభిజిత్ పేరు కొట్టాను, అదీ పచ్చబడింది. లేచి భోజనానికి వెళ్ళాను. నీ పేరు కొట్టి చూడాలని నాకు తోచలేదు. నీ చేతి అన్నం ఇరవై ఏళ్ళకి పైగా తిన్నాను, తోచలేదు.

వెంటనే సరిచేశాను. ఒక్క మాట పేరున్నా ఒప్పుకునేలా కొత్త వెర్షన్ రాత్రికి రాత్రే పంచాను. కానీ పంచడం వరకే నా చేతిలో ఉంది. వాడుకునేవాళ్ళు పాతది తీసి కొత్తది పెట్టుకోవాలి. బిల్డర్ సైటు కట్టినవాళ్ళకి మూడు మెయిళ్ళు రాశాను. పనిచేస్తున్నదాన్ని ముట్టుకోం అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. సైటు కట్టడం అయిపోయింది, వాళ్ళు ఇంకో పనికి వెళ్ళిపోయారు.

కాబట్టి దారి ఒక్కటే. నన్ను స్కూల్లో చేర్చిన రోజు నీకు గుర్తుందా? బడ దిదిమొణి, అదే హెడ్‌మిస్ట్రెస్, నా టైటిల్ ఏమిటని అడిగింది, నువ్వు లేదన్నావు. తెలుగువాళ్ళంటే రావే కదా అని తనే రాసేసింది. ఆ రావు మనది కాదు, మన పెద్దలెవరిదీ కాదు. అది ముందున్నా వెనకున్నా ఎవరికీ అవమానం లేదు. ఎవరిదీ కాదు కాబట్టి ఎవరి పేరు వెనకాలైనా అతుకుతుంది. గవరయ్య రావు అని కొట్టించు. గడి పచ్చబడుతుంది, కార్డుతో పేరు కలుస్తుంది, ఫ్లాటు వస్తుంది.

తప్పు చేసిన
అరుణ

తా.క. అభిజిత్ సంగతి వచ్చినప్పుడు మాట్లాడతాను. ఉత్తరంలో వద్దు.


హల్దార్ లైను, ఖిదిర్‌పూర్
23 జూన్ 2025

శ్రీమతి దాలమ్మ రావు గారి మేనకోడలికి,

గవరయ్య రావు రాయడమేటంటే, ఇక్కడ అందరం క్షేమం. ఈసారి దాలమ్మ మోకాలు కూడా క్షేమమే, సంబరంలో నొప్పి మర్చిపోయింది.

నీ ఉత్తరం చదవగానే నాకు ఒళ్ళు మండింది. నేను పెంచిన గుంట చేసిన గడేనా నన్ను మనిషి కాదంటోంది, అనుకున్నాను. ఒకపూట అన్నం తినలేదు. నీ అత్త మాత్రం, అది తప్పు ఒప్పుకుంది గదా, నువ్వు ఎప్పుడైనా ఒప్పుకున్నావా, అంది. లేచి కంచం తెచ్చుకున్నాను. తిన్నాను.

తరవాత షాపుకెళ్ళి గవరయ్య రావు అని కొట్టించేను. పచ్చబడింది. మర్నాటికి కార్డు కూడా కలిసిందని కబురొచ్చింది. ఆ కాగితం పట్టుకొని లైనంతా తిరిగేను. ఎవరి పేరు ఎనకాలైనా అతుకుతాదని నువ్వే రాసేవు గదా. ఆ ముక్క అందరికీ చదివి వినిపించేను. ఒక్కసారి చేసి అందరికీ పంచాలన్న నీ పద్ధతి నాకు ఇప్పుడు బాగా తెలిసింది. రెండ్రోజుల్లో పందొమ్మిది కుటుంబాలకీ రావు పెట్టించేసేను. సూరన్న రావు, మేరీరాణి రావు, పుష్పరాణి రావు. ప్రేమ్‌సాగర్ కూడా ఈ లైనోడే గదా, వాడి పేరు వాడే కొట్టుకున్నాడు. ఎవరూ తమ పెద్దల్ని ఎనక్కి నెట్టలేదు. ఒక్క దరఖాస్తు కూడా తిరిగి రాలేదు.

గదులకి నంబర్లు లేవు గదా, చిరునామా గడిలో అందరం హల్దార్ లైను అనే రాసేం. ఈ లైనులో పుట్టినోళ్ళ పేర్లన్నీ ఎక్కించమన్నారు. నువ్వూ ఇక్కడే పుట్టేవు, నీ పేరూ ఎక్కించేను. నీకు టైటిల్ అతికించే పని కూడా లేకపోయింది. మొత్తం డెబ్భై ఒక్కమందిమి.

కప్పు నీకిచ్చేరు గాని నిజానికి నాకియ్యాల. నువ్వు మూడు ఫ్రేములకే అతికించేవు, నేను పందొమ్మిది కుటుంబాలకి అతికించేను.

ఇట్లు, మొట్టమొదటిసారి పూర్తి పేరుతో,
గవరయ్య రావు

తా.క. ఢిల్లీశ్వరరావు దగ్గిర మాత్రం కొంచెం గొడవైంది. నాకు రావు ఉంది గదా అన్నాడు. గడి ఒప్పుకోలేదు, విడిగా ఇంకోటి కావాలంది. ఇప్పుడు ఢిల్లీశ్వరరావు రావు. లైనులో అందరికంటే పెద్ద రావు తనేనని నిన్నటినుంచి కుళాయి దగ్గిర వరసలో నిలబడ్డం లేదు.


భవానీపూర్
1 జూలై 2025

మావయ్యా,

నీ ఉత్తరం ఈరోజు చేరింది. ఇరవై మూడో తారీకున వేసిన ఉత్తరం ఒకటో తారీకున. వానకి మా వీధిలో నీళ్ళు నిలిచి పోస్ట్‌మన్ వారం రోజులు రాలేదంట. రెండు రోజుల ముందు వచ్చినా సరిపోయేది.

జూన్ ఎనిమిదిన నేను రాసింది మళ్ళీ చదువు. కుటుంబం గడి గురించి గొప్పగా రాశాను చూడు. ఒకే చిరునామా, ఒకే టైటిల్ ఉంటే ఒకే కుటుంబం. పేరు గడి వాడేవాళ్ళు దాని జత గడి కూడా వాడతారు, రెండూ కలిపే ఇస్తాం మేము. మీరు పందొమ్మిది కుటుంబాలూ దానికి ఒక్క కుటుంబంలా కనబడతారు. కుటుంబానికి ఒక ఫ్లాటు.

పొద్దున్నించీ బిల్డర్ ఆఫీసుకి ఫోన్ చేస్తున్నాను. మెషిన్ మాట్లాడుతోంది. సైటులోకి వెళ్ళి మార్చుదామంటే ముప్పయ్యో తారీకు దాటింది, గడి తెరుచుకోవడం లేదు. గడువు దాటాక ఒక్క అక్షరం కూడా ముట్టుకోనివ్వకూడదని అందులో తాళం పెట్టింది కూడా మా జట్టే. బాగా చేశాం. ఎవరూ తెరవలేరు, నేను కూడా.

ఇంటిపేర్లు వెనక్కి తిప్పి రాసినా బాగుండేది మావయ్యా. పందొమ్మిది ఇళ్ళకి పందొమ్మిది ఇంటిపేర్లున్నాయి. వేరువేరుగా నిలబడేవాళ్ళు. పెద్దల్ని వెనక్కి నెట్టకూడదని మీరు అనుకున్నారు, ఆ గౌరవం నా గడికి తెలియదు. నేను నేర్పలేదు.

నాకు ఇప్పుడే టాక్సీ ఎక్కి రావాలని ఉంది. లేచి చెప్పులు కూడా వేసుకున్నాను. మీ అందరి ముందుకీ ఏ ముఖంతో రాను? అభిజిత్ అడిగినప్పుడు మా మావయ్య అనడానికి సిగ్గుపడ్డాను. మా ఇంట్లోవాళ్ళు పోర్టులో ఆఫీసర్లని ఆఫీసులో చెప్పి ఉన్నాను. నువ్వు మంచం మోస్తూ చెమటతో ఉన్నావు, లుంగీ ఎగ్గట్టుకుని ఉన్నావు. అందుకే తెలిసిన మనిషి అన్నాను. ఆ రోజునుంచే రావడం మానేశాను. పనెక్కువై కాదు.

ఫ్లాట్లు వచ్చినవాళ్ళ జాబితా రేపో ఎల్లుండో అంటిస్తారు. నేను భయపడ్డట్టు ఉండకపోవచ్చు. ఒక్కోసారి గడులు సరిగ్గా పనిచెయ్యవు.

నీ అరుణ

తా.క. ఆ మెషిన్ చివరికి నన్ను కూడా అడిగింది, దయచేసి మీ పూర్తి పేరు చెప్పండి అని. చెప్పకుండా పెట్టేశాను.


హల్దార్ లైను, ఖిదిర్‌పూర్
5 జూలై 2025

మేనకోడలు అరుణకుమారికి,

గవరయ్య రాయడమేటంటే, నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఈసారి తప్పులు దిద్దలేదు.

జాబితా అంతకు ముందురోజే కొత్త బిల్డింగు గేటుకి అంటించేరు. అందరం గొడుగులు పట్టుకొని వెళ్ళేం. సూరన్న బూట్లు వేసుకొని వచ్చేడు. ఒక్కటే వరస ఉంది దాంట్లో. రావు కుటుంబం, సభ్యులు డెబ్భై ఒక్కమంది, ఫ్లాటు ఒకటి, మూడో అంతస్తు, రెండు గదులు. నీ గడి సరిగ్గానే పనిచేసింది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. మేరీరాణి వేలుపెట్టి రెండుసార్లు చదివింది. మిగతా పద్దెనిమిది ఏవని కాపలావాణ్ణి అడిగింది. వాడు, మీదంతా ఒక్క కుటుంబమే గదా మాసీ, కంప్యూటరే చెప్తోంది, అన్నాడు. అప్పుడు అందరూ నా వైపు తిరిగేరు. ఇన్నాళ్ళూ చెవులు పోయినందుకు ఏడిచేను గాని ఆ కాసేపూ వినబడకపోవడమే మంచిదైంది. పెదాలు మాత్రం చదివేను.

రావు పెట్టించమని నువ్వు రాసినట్టు ఎవరికీ చెప్పలేదు. ఆ ఉత్తరంలో నేను చదివి వినిపించిన ముక్కని కూడా నా బుర్రలోంచి పుట్టిందేనని చెప్పేను. ముసిలోడి తిక్క అనుకున్నారు. దాలమ్మకి కుళాయి దగ్గిర ఎవరూ చోటివ్వడం లేదు. పొద్దున్నే లేచి అందరికంటే ముందు పట్టుకొస్తోంది. మోకాలు మళ్ళీ మొదలైంది. ఢిల్లీశ్వరరావు మాత్రం వరసలో నిలబడుతున్నాడు.

పదిహేనో తారీకున లైను పడగొడతారు. కొందరు లిలువాలో చుట్టాల దగ్గిరికి పోతామంటున్నారు, కొందరు ఊరికి పోతామంటున్నారు. ఆ ఊళ్ళో వాళ్ళ పేర్లు ఎవరికీ తెల్దు. పుష్పరాణి తల్లిని తీసుకొని రేపే ఎల్లిపోతోంది. ప్రేమ్‌సాగర్ షాపు కూడా లైనుతోనే పోతాది. వాడు నన్ను మావా అనడం మానేసేడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఒక్క ఫ్లాటైనా నిలబడాలంటే పన్నెండో తారీకులోగా ఇంటి పెద్ద స్వయంగా వచ్చి సంతకం పెట్టాల. లేకపోతే అదీ రద్దు. షాపులో సభ్యుల పేర్ల వరస తెరిపించి మొదటి పేరు ఎవరిదో చూసేను. అరుణకుమారి రావు. డెబ్భై మందికి నువ్వే పెద్దవి. నేను నీ కింద ఇరవై రెండో పేరు. ముసిలోళ్ళనీ, కదల్లేనోళ్ళనీ, దాలమ్మతో కలిపి ఎనిమిదిమందిని ఆ రెండు గదుల్లో పెడదామని అనుకుంటున్నాం. అందులో నేను లేను. గోడౌన్ గేటు దగ్గిర కాపలా గది ఖాళీగా ఉంది, నాకు అలవాటైన చోటే.

ఏ ముఖంతో రానని రాసేవు. ఏ ముఖంతోనైనా రా. ఇక్కడ అద్దాలు కూడా మూటలు కట్టేసేరు. పెన్ను నేను తెస్తాను. సంతకం పెట్టేసి వెంటనే ఎల్లిపోదువుగాని, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అభిజిత్‌ని తోడు తెచ్చుకున్నా పర్లేదు. నేను దూరంగా నిలబడతాను.

నువ్వు రాయకపోయినా నీకు రాస్తూ ఉండే
గవరయ్య

తా.క. సంతకానికి ముందు ప్రతివాళ్ళూ ఇంటి పెద్దకి ఏటవుతారో కొత్తగా తెరిచిన గడిలో ఎక్కించాలంట. పొద్దున్న షాపులో నా వంతు వచ్చింది. ప్రేమ్‌సాగర్ జాబితా తెరిచేడు. భర్త, భార్య, తల్లి, తండ్రి, కొడుకు, కూతురు. రెండుసార్లు పైకీ కిందకీ వెతికించేను, మావయ్య లేడు. అట్టడుగున 'ఇతరులు' అని ఉంది. అదే నొక్కమన్నాను. గడి వెంటనే పచ్చబడింది.